సిస్టర్ల జీతం ఎవరిది? జవాబు 1651 నాటి ఒక దస్తావేజులో ఉంది

ఫిబ్రవరి జీతాల బిల్లులతో పాటు ఆదాయపు పన్ను లెక్కలు కూడా ట్రెజరీకి వెళ్లే రోజులివి. ఎయిడెడ్ బడుల్లో పాఠాలు చెప్పే సిస్టర్ల (కతోలిక సన్యాసినుల) జీతంలో పన్ను కోయడం న్యాయమేనా అన్న పాత వాదం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్రైస్తవుల్లో మళ్లీ రేగింది. చట్టపరంగా ఇది తేలిపోయిన సంగతి. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు 93 అప్పీళ్లను కొట్టివేసి, ప్రభుత్వం నుంచి జీతం తీసుకునే సిస్టర్లకూ ఫాదర్లకూ టీడీఎస్ (జీతం ఇచ్చేటప్పుడే పన్ను కోత) వర్తిస్తుందని తేల్చింది. అయినా, పేదరికపు మాటపట్టు (సొంత ఆస్తి ఉంచుకోనన్న ప్రతిజ్ఞ) తీసుకున్న సిస్టర్ లోకరీత్యా మరణించినట్లేననీ, ఆమెకు సొంత ఆదాయమంటూ ఉండదనీ అనేవారి పట్టు సడలలేదు. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే కోర్టు తీర్పుల కంటే ముందు, ఈ ప్రాంతపు చదువులతో ముడిపడిన ఒక సిస్టర్ల సభ (సన్యాసినుల సంఘం) ఎలా పుట్టిందో తెలుసుకోవాలి.

ఫ్రాన్సులోని ఆన్సీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు (ఫాదర్లు) 1846లో విశాఖపట్నం చేరిన సంగతీ, 1849లో ఆన్సీ నుంచే పునీత జోజప్ప గారి సభ సిస్టర్లు నలుగురు యానాంలో దిగిన సంగతీ ఇక్కడి క్రైస్తవ కుటుంబాలకు కొత్త కావు. 1993లో శ్రీకాకుళం మేత్రాసనం (పీఠాధిపతి పాలనా ప్రాంతం) వేరుపడింది కూడా ఆ విశాఖ మిషన్ విస్తరించిన నేల మీదే. జోజప్ప గారి సభను స్థాపించిన గురువు జాన్ పియేర్ మెదాయ్ గురించి మాత్రం మన దగ్గర చెప్పుకునేవారు తక్కువ.

మెదాయ్ 1610లో కార్కసోన్‌లో పుట్టి, యేసు సభలో (జెస్యూట్ గురువుల సంఘంలో) చేరి, దక్షిణ మధ్య ఫ్రాన్సు కొండ ప్రాంతాల్లో ఊరూరా తిరిగి బోధించిన గురువు. దేవుని సేవకు జీవితం అంకితం చేయాలని ఉన్నా మఠంలో చేరడానికి కట్నం ఇచ్చుకోలేని ఆడపిల్లలూ, చేరినా గోడల మధ్య ఉండిపోవడం ఇష్టం లేని వితంతువులూ ఆ ఊళ్లలో ఆయనకు ఎదురయ్యారు. అప్పటి నియమం కఠినంగా ఉండేది. పదహారో శతాబ్దంలో కతోలిక పీఠాధిపతులు జరిపిన ట్రెంట్ మహాసభ తర్వాత మఠకన్య అంటే గడప దాటకూడని మనిషి. ఆన్సీలోనే 1610లో ఫ్రాన్సిస్ డి సేల్స్, జేన్ ద షంతాల్ కలిసి రోగుల ఇళ్లకు వెళ్లే స్త్రీల సంఘం ఒకటి స్థాపిస్తే, 1618 నాటికి దాన్నీ మూసిన మఠంగా మార్చక తప్పలేదు.

ఫ్రాన్సిస్ డి సేల్స్ అంతటి పేరున్న పీఠాధిపతికే సాధ్యం కానిది మెదాయ్ ఎలా సాధించారన్న దగ్గరే అసలు మలుపు ఉంది. లె పుయ్ పట్టణంలో పీఠాధిపతి ఆన్రీ ద మోపా అండతో 1650 అక్టోబరు 15న ఆరుగురు స్త్రీలు అనాథ బాలికల ఆశ్రమంలో సభగా ఏర్పడ్డారు. పొందూరు ఇళ్లలో రాట్నం ఎలాగో ఆ ఊరి ఇళ్లలో లేసు అల్లిక అలాగ. చేతిపనితో పొట్టపోసుకోవడం అక్కడి ఆడవాళ్లకు కొత్త కాదు. మరుసటి ఏడాది డిసెంబరులో ఆ ఆరుగురూ నోటరీ ముందు కూర్చుని, కలిసి బతకడానికీ ఉన్నది ఉమ్మడిగా వాడుకోవడానికీ ఒప్పందం రాయించుకున్నారు. వారిలో కొందరికి సంతకం చేయడం కూడా రాదు. అయినా ఆ ఒప్పందంలో ఎవరి పేరు వారిదే. లోకం దృష్టిలో మరణించినవారు నోటరీ ముందు దస్తావేజు రాయించుకోలేరు కదా!

ఆనాటి ఫ్రెంచి చట్టంలో ఘనమైన మాటపట్టు తీసుకున్న మఠకన్యకు పౌర మరణం (చట్టం దృష్టిలో లేనట్లే లెక్క) నిజంగానే ఉండేది. తండ్రి ఆస్తిలో ఆమెకు వాటా పోయేది, వారసత్వమంతా అన్నదమ్ములకు మిగిలేది. మెదాయ్ సిస్టర్లు తీసుకున్నవి మాత్రం పౌర మరణం లేని సాధారణ మాటపట్టులు. అందుకే వారు వీధిలోకి వెళ్లగలిగారు, రోగి మంచం పక్కన కూర్చోగలిగారు, బడి నడపగలిగారు. ఇటువంటి సభలను సంపూర్ణ సన్యాస సభలుగా రోము గుర్తించడానికి 1900 వరకు పట్టింది. స్త్రీల సభల పాలన నెత్తిన వేసుకోకూడదన్నది యేసు సభ నియమం కాబట్టి మెదాయ్ తెర వెనుకే ఉండిపోయారు. చాలాకాలం సంస్థాపకుడన్న పేరు మోపాకే దక్కింది. 1669లో బియోమ్‌లో మెదాయ్ కన్నుమూశారు.

ఇక సభల తరఫు మాట. సిస్టర్ తన కష్టంతో సంపాదించినది సభకే చెందుతుందని 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలోని 668వ సూత్రం చెబుతోంది. సభకు అప్పగించే ఫీజులపై పన్ను వద్దని 1944లోనూ 1977లోనూ వెలువడిన ఉత్తర్వులు కూడా వారికి ఆధారం. ఆ వెసులుబాటు 2014 వరకు సాగింది.

2019లో మద్రాసు హైకోర్టు ధర్మాసనం చూసింది వేరే కోణం. జీతం సిస్టర్ పేరున వస్తుంది, ఆ తర్వాతే సభకు చేరుతుంది. వచ్చిన ఆదాయాన్ని ఎలా వినియోగించుకున్నా అది ముందు ఆమె ఆదాయమే. సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అడిగింది కూడా ఇదే: ఒక హిందూ పూజారి తన జీతం ఉంచుకోకుండా సంస్థకు ఇచ్చేస్తానంటే పన్ను లేకుండా పోతుందా?

668వ సూత్రమే మరో మాట కూడా చెబుతోంది. సిస్టర్ తన ఆస్తి నిర్వహణను మరొకరికి అప్పగించాలి, వీలునామా రాయాలి. హక్కు లేనివారిని వీలునామా రాయమని ఏ చట్టమూ అడగదు. నియామక పత్రం, సర్వీసు రిజిస్టరు, పాన్ కార్డు, ఫారం-16 అన్నీ ఆమె పేరునే ఉన్నాయి. లె పుయ్‌లో ఆరుగురు స్త్రీలు తమ పేర్లతో రాయించుకున్న సభకు వారసులైన సిస్టర్లను, పన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేనివారుగా చూపమనడం మెదాయ్ వేసిన పునాదికి పొసగదు. పైగా కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల రూపాయల ఆదాయం వరకు రిబేటు ఉంది కనుక కోత పడేది ఎక్కువగా సీనియారిటీ ఉన్న సిస్టర్లకే. వారి పేరున రిటర్ను వేసేటప్పుడు ఆ లెక్క వారికే చూపించి, వారి చేతే సంతకం పెట్టించే ఏర్పాటు సభలు ఈ ఏడాదే చేయవచ్చు.