‘ర్యాంకెంత?’ అనే ప్రశ్న వెనుక

ఇంజనీరింగ్, మెడికల్ హాస్టళ్లలో కొత్తగా చేరినవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ‘ర్యాంకెంత?’. ర్యాంకు చెబితే కోటా తెలుస్తుంది, కోటాను బట్టి కులం. ఆ తర్వాత మెస్‌లో పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది. ల్యాబ్‌లో జట్టు కట్టేటప్పుడు ఆ ఒక్క పేరే మిగిలిపోతుంది.

ఇలాంటివాటిని కొలవొచ్చని చూపింది అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ విలియమ్స్. డెట్రాయిట్ సర్వే ఆధారంగా 1997లో ఆయన బృందం ప్రచురించిన కొలమానంలో ఉన్నవి తొమ్మిది మామూలు ప్రశ్నలు. మీకు తెలివి లేదన్నట్టు చూస్తారా? మర్యాద తగ్గిస్తారా? ఎంత తరచుగా? ‘అవును, తరచుగా’ అన్నవారిలో కుంగుబాటు ఎక్కువగా ఉంటోందని ఆ తర్వాత ఎన్నో దేశాల్లో తేలింది. ఆత్మహత్య ఆలోచనలతోనూ దీనికి సంబంధం కనిపించింది. ఎవరు ఎప్పుడు ఏమంటారోనని కాచుకునే మనసుకు విశ్రాంతి ఉండదు, నిద్ర చెడుతుంది. చివరికి లోపం తనలోనే ఉందనిపిస్తుంది.

మన దగ్గర, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులను హాస్టళ్లలో వేరుగా ఉంచుతున్నారని, వేధిస్తున్నారని 2007లోనే థోరట్ కమిటీ చెప్పింది. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ ప్రాణం తీసుకున్నాడు. 2012లో యూజీసీ వివక్ష వ్యతిరేక నిబంధనలు తెచ్చింది. నాలుగేళ్లకు అదే క్యాంపస్‌లో రోహిత్ వేముల. హాస్టల్ ఖాళీ చేయించాక ఆయన, మరో నలుగురు ఆరుబయట గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాక ఆయన కులమేమిటన్న రభస ఏళ్ల తరబడి నడిచింది. ఆ గుడారంలో ఆయన పడ్డ యాతన గురించి అందులో సగం చర్చ కూడా జరగలేదు.

ఆయన తల్లి రాధిక, కుల వేధింపుల ఆరోపణల మధ్య ప్రాణం తీసుకున్న ముంబై డాక్టర్ పాయల్ తడ్వి తల్లి అబేదా 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2012 నిబంధనలు కాగితం మీదే ఉండిపోయాయన్నది వాళ్ల మొర. 2025 మార్చిలో మరో కేసులో, విద్యార్థుల ఆత్మహత్యలపై కోర్టు జస్టిస్ రవీంద్ర భట్ నాయకత్వంలో జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది.

విచారణలు ఎప్పుడూ ఒక ఘటనను, ఒక తేదీని, ఒక సాక్షిని అడుగుతాయి. ఖాళీ కుర్చీకి సాక్షి ఎవరు?

మీకైనా, మీవాళ్లకైనా ఆత్మహత్య ఆలోచనలు వస్తుంటే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.