ఫెండర్ మడిచే ముందు కొలతలు తీయండి: వెడల్పు టైర్ల విషయంలో అపోహలు – వాస్తవాలు

కొత్త అలాయ్ వీల్స్ కొనేసి, అవి మడ్‌గార్డ్‌కు తగులుతున్నాయని తర్వాత వర్క్‌షాప్‌కు రావడం మామూలైపోయింది. నిజానికి పని అటు నుంచి ఇటు జరగాలి. ముందు కొలత, తర్వాత రిమ్; ఫెండర్ (చక్రం పైనుండే మడ్‌గార్డ్ రేకు) అంచును లోపలికి మడిచే సంగతి చిట్టచివర. మన దగ్గర ఎక్కువగా కనిపించే 185/65 ఆర్15 టైర్ల (185 మి.మీ. వెడల్పు, అందులో 65 శాతం పక్క గోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్) హ్యాచ్‌బ్యాక్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

అపోహ: టైరు వెడల్పు పెంచితే ఫెండర్ మడవక తప్పదు.

ఫెండర్‌కు తగిలేదీ తగలనిదీ తేల్చేది వెడల్పు ఒక్కటే కాదు, రిమ్ ఆఫ్‌సెట్ కూడా. రిమ్ లోపలి వైపు ఇ.టి. 45, ఇ.టి. 38 అని అచ్చు పోసి ఉంటుంది. రిమ్ నడిమి గీత నుంచి హబ్‌కు (చక్రం బిగించే కారు భాగం) ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందో ఆ అంకె చెబుతుంది. టైరు వెడల్పులో సగం నుంచి ఆఫ్‌సెట్ తీసేస్తే, హబ్ ముఖం నుంచి టైరు ఎంత బయటికి వస్తుందో తెలుస్తుంది. కూడితే లోపలికి ఎంత వెళ్తుందో తెలుస్తుంది.

5.5 అంగుళాల రిమ్, ఇ.టి. 45, టైరు 185 అనుకోండి. బయటికి 47.5 మి.మీ., లోపలికి 137.5. ఇప్పుడు 6.5 అంగుళాల రిమ్ మీద 205 టైరు వేసి ఇ.టి. 35 తీసుకుంటే బయటికి 67.5. అంటే 20 మి.మీ. ఎక్కువ, లోపల మార్పే లేదు. అదే రిమ్ ఇ.టి. 42లో దొరికితే బయటికి 13, లోపలికి 7 మాత్రమే పెరుగుతుంది. లోపల షాక్ అబ్జార్బర్ వైపు ఆ 7 మిల్లీమీటర్లు పోగా కనీసం 5 మి.మీ. మిగిలితే, బయట ఫెండర్ ముట్టుకోకుండానే పని అయిపోయే అవకాశం ఉంది. ఒకే సైజు టైరు రెండు కంపెనీల్లో కొద్దిగా తేడాగా ఉంటుంది కాబట్టి కొనబోయే టైరు అసలు సెక్షన్ వెడల్పు అడిగి తెలుసుకోండి.

రిమ్ కూడా ఒక అంగుళం పెంచి 195/55 ఆర్16 వేస్తే టైరు మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది: పాతది 621.5 మి.మీ., కొత్తది 621. కానీ మామూలు 185/65 ఆర్15 లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె) 88, అంటే టైరుకు 560 కిలోలు. మామూలు 195/55 ఆర్16కు 87, అంటే 545 కిలోలు. ఐదుగురు ఎక్కి డిక్కీ నింపే కారుకు ఈ తేడా పట్టించుకోవాలి. ఎక్స్‌ట్రా లోడ్ రకం అడిగి తీసుకోండి.

అపోహ: కారు నిలబడి ఉన్నప్పుడు వేలు దూరితే చాలు.

చాలదు. ఒకవైపు స్ప్రింగ్ విప్పి, చక్రం బిగించి, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి బంప్ స్టాప్ (సస్పెన్షన్ ఇంకా పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మ) దాకా ఎత్తండి. ముందు చక్రాన్ని ఆ స్థితిలో రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. స్ప్రింగ్ విప్పే వీలు లేకపోతే ఫెండర్ అంచుకు లోపల పిల్లల బంకమట్టి అంటించి, మనుషుల్ని ఎక్కించి స్పీడ్ బ్రేకర్లు దాటించండి. ఎక్కడ రాసుకుందో, ఎంత లోతున రాసుకుందో మట్టి మీద అచ్చు పడుతుంది.

చాలాసార్లు టైరును కోసేది ఫెండర్ అంచు కూడా కాదు. బంపర్ మూల ఫెండర్‌ను కలిసే చోట ఉండే స్క్రూ. దాని మొన లోపలికి పొడుచుకుని ఉంటుంది. పొట్టి స్క్రూ వేసి, ప్లాస్టిక్ చెవి కొద్దిగా చెక్కితే కొన్ని కార్లకు అంతటితో సరిపోతుంది.

అపోహ: కట్టె గానీ పైపు గానీ టైరుకూ అంచుకూ మధ్య పెట్టి కారు ముందుకూ వెనక్కూ కదిపితే అంచు మడత పడిపోతుంది.

మడత పడుతుంది, అలలు అలలుగా. ఒత్తిడి ఒకే బిందువు మీద పడుతుంది, అక్కడ పెయింట్ చిట్లుతుంది, బయటి వంపు ఆకారం చెడుతుంది. ఫెండర్ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఒకసారి సాగిన రేకును వెనక్కి తేవాలంటే టింకరింగ్, పుట్టీ, పెయింట్ అన్నీ కావాలి.

ఈ పనికి హబ్ స్టడ్‌లకు (చక్రం నట్లు ఎక్కే మరల కడ్డీలు) బిగించే రోలర్ ఉంటుంది. కారును స్టాండ్ల మీద నిలిపి, చక్రం తీసి, కింద జాకీతో హబ్‌ను దాదాపు మామూలు ఎత్తుకు తెస్తారు. వేలాడే హబ్ మీద బిగిస్తే రోలర్ తిరిగే వృత్తం, ఫెండర్ వంపు కలవవు. ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు విప్పి, అంచు లోపల గట్టిపడిన సీలెంట్, మట్టి గీకి శుభ్రం చేయాలి. అవి మిగిలితే మడత కింద గడ్డలా ఉండిపోతాయి.

తర్వాత హీట్ గన్‌ను కదుపుతూనే రెండు వైపులా రేకును 60 డిగ్రీల దాకా వేడి చేయాలి. థర్మామీటర్ గన్ లేకపోతే అరచేయి ఆనించి రెండు సెకన్లు ఉంచలేనంత వేడి అనుకోండి. రోలర్‌ను మొదట ఏటవాలుగా ఆనించి నెమ్మదిగా తిప్పాలి, ఒక్కో చుట్టుకూ కొద్దికొద్దిగా ఒత్తిడి, కోణం పెంచాలి. మధ్యలో రేకు చల్లారితే మళ్లీ వేడి చేయాలి. ఒక్క ఫెండర్‌కు ముప్పావు గంట పట్టినా సరే, తొందర పడకూడదు. బంపర్ దగ్గర గన్ దూరంగా పట్టండి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

ఇలా దొరికేది అంచు వెడల్పు మేరకే, సాధారణంగా 10 నుంచి 15 మి.మీ. దాన్ని దాటి ఫెండర్‌నే బయటికి లాగితే పెయింట్ దక్కుతుందని ఎవరూ మాట ఇవ్వలేరు.

అపోహ: వేడి చేస్తే ఏ పెయింటూ పగలదు.

ఫ్యాక్టరీ పెయింట్ చాలావరకు తట్టుకుంటుంది. పాత దెబ్బకు పుట్టీ నింపిన చోట ఎంత వేడి చేసినా పుట్టీ వంగదు, పగులుతుంది. అందుకే ముందు అంచు పొడవునా అయస్కాంతం పెట్టి చూడాలి. పట్టు తగ్గిన చోట పుట్టీ ఉన్నట్టు. పెయింట్ మందం మీటర్ ఉంటే ఇంకా మేలు: ఫ్యాక్టరీ పొర ఎక్కువగా 80–150 మైక్రాన్లలో ఉంటుంది, 300 దాటితే మళ్లీ పెయింట్ వేసినట్టే. కొన్ని కార్లకు ముందు ఫెండర్లే ప్లాస్టిక్. అయస్కాంతం అసలు అంటకపోతే రోలర్ దాచేయండి.

అపోహ: ముందు ఫెండర్, వెనక ఫెండర్ పని ఒకటే.

ముందుది బోల్టులతో బిగించిన ఒంటి రేకు. చెడితే మార్చుకోవచ్చు. వెనకది బాడీలో భాగం: బయటి రేకు, లోపలి చక్రపు గూడు అంచు దగ్గర స్పాట్ వెల్డింగ్‌తో కలుస్తాయి, మధ్యలో సీలెంట్. మడిచినప్పుడు ఆ సీలెంట్ చిట్లుతుంది. కళ్లకు కనిపించదు, నీళ్లు మాత్రం దూరతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తుప్పు ముందు పట్టేది అక్కడే. మడత చల్లారాక చిట్లిన చోట ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పి.యు. (పాలీయురేథేన్) సీలెంట్, ఆఖర్న అండర్‌బాడీ కోటింగ్ తప్పనిసరి.

వెనక అంచును గ్రైండర్‌తో కోసేస్తే స్పాట్ వెల్డులే పోతాయి, రెండు రేకులూ విడిపోతాయి. కోసి వదిలేయడమంటే బాడీ కీలు తెంపి వదిలేయడమే. వెడల్పు ఫ్లేర్లు (ఫెండర్ మీద బయటికి పెట్టే అదనపు అంచులు) అతికించాలనుకునేవాళ్లు రెండు రేకుల్నీ మళ్లీ వెల్డ్ చేసి, సీల్ చేసిన తర్వాతే ఫ్లేర్ పెట్టాలి.

అపోహ: స్పేసర్ (హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టి చక్రాన్ని బయటికి జరిపే బిళ్ల) వేస్తే లోపల తగిలే సమస్య తీరిపోతుంది.

తీరుతుంది, బయట కొత్త సమస్య తెస్తుంది. స్టీరింగ్ కుదుపు, బేరింగ్ మీద భారం రెండూ పెరుగుతాయి. వేయక తప్పకపోతే హబ్ బోర్‌కు (నడిమి రంధ్రానికి) సరిగ్గా కూర్చునేదే కొనండి. నట్ లోపల స్టడ్ మర కనీసం స్టడ్ వ్యాసమంత పట్టాలి. 12 మి.మీ. స్టడ్, 1.25 పిచ్ (ఒక్కో చుట్టుకు నట్ కదిలే మిల్లీమీటర్లు) ఉన్న మారుతికి అది తొమ్మిదిన్నరకు పైగా చుట్లు, 1.5 పిచ్ ఉన్న హ్యుందాయ్‌కి ఎనిమిది. అంతకు తక్కువ తిరిగితే పొడవైన స్టడ్‌లు మార్చాల్సిందే.

అపోహ: ఫెండర్ మార్పులను చట్టం పట్టించుకోదు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి సెక్షన్ 182ఎ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లోపలి అంచు మడత బయటికి కనిపించకపోవచ్చు. ఫెండర్ దాటి బయటికి పొడుచుకొచ్చిన టైరు మాత్రం పక్క బండివాళ్ల మీదికి రాళ్లూ బురదా విసురుతుంది, ఆర్టీఏ వాళ్ల కంట్లోనూ ముందు పడుతుంది. బీమా కంపెనీకి చెప్పని మార్పు ఉంటే క్లెయిమ్ దగ్గరా చిక్కే.

పని అయ్యాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కు నట్లు మళ్లీ బిగించండి. అలైన్‌మెంట్ చేయించండి. వారం తర్వాత చక్రం తీసి టైరు భుజం మీద మెరిసే గీత పడిందేమో వేలితో తడిమి చూడండి. ఉంటే ఆ చోట ఇంకా రెండు మూడు మిల్లీమీటర్లు చాలలేదన్నమాట.