తెలిసుంటే ప్రపంచం ఆపేదా? జాతి నిర్మూలనపై కొన్ని అపోహలు - వాస్తవాలు

చెన్నైలో లా కాలేజీలో అంతర్జాతీయ చట్టం చెబుతుంటాను. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన పిల్లలు క్లాసులో నోరు విప్పరు గానీ క్యాంటీన్లో టీ దగ్గర తెలుగులో బాగానే అడుగుతారు. ఎక్కువగా అడిగేవి ఇవి.

అపోహ: తెలిసుంటే ప్రపంచం ఆపేది.

తెలుసు. రువాండాలో హత్యాకాండ మొదలైంది 1994 ఏప్రిల్‌లో. జనవరి 11నే అక్కడి ఐక్యరాజ్యసమితి దళాల కమాండర్ రోమియో డలైర్ న్యూయార్క్‌కు ఫ్యాక్స్ కొట్టాడు: ఆయుధాలు దాచిపెట్టారు, రాజధాని కిగాలీలో మైనారిటీ తెగ టుట్సీల పేర్లు రాసుకుంటున్నారు, 20 నిమిషాల్లో వెయ్యి మందిని చంపగలమని మెజారిటీ హుటూ తెగ మిలీషియా (సాయుధ మూక) లోపలి మనిషే చెబుతున్నాడు, వెళ్లి ఆ ఆయుధాలు పట్టుకుంటాను అని. అది మీ పరిధిలోకి రాదు, సంగతి ఆ దేశాధ్యక్షుడికి చెప్పండి అని జవాబొచ్చింది. జనాన్ని నరుకుతుండగానే, ఏప్రిల్ 21న, భద్రతామండలి తీర్మానం చేసి మరీ ఆ బలగాన్ని 270 మందికి కుదించింది. దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది పోయారు. ఇంత చదివాక కూడా ‘సమాచార లోపం’ అని రాస్తే నేను మార్కులు వేయను.

అపోహ: లక్షల్లో చనిపోతేనే జాతి నిర్మూలన.

జాతి నిర్మూలనపై ఐక్యరాజ్యసమితి చేసిన 1948 ఒప్పందంలో అంకె ఏదీ లేదు, చూసేది ఒక జాతిని పూర్తిగానో కొంతైనానో తుడిచిపెట్టాలన్న ఉద్దేశాన్నే. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995 జులైలో బోస్నియా సెర్బు బలగాలు చంపింది దాదాపు 8 వేల మంది మగవాళ్లను, మగపిల్లలను. అదీ జాతి నిర్మూలనే అని హేగ్‌లోని యుద్ధనేరాల కోర్టులో తీర్పొచ్చింది.

అపోహ: అంతా అయిపోయాక సాక్ష్యం చెప్పి లాభం లేదు, పైగా మాట తేడా వస్తే కేసు పోతుంది.

దీనికి నేను ఎప్పుడూ చెప్పేది అకయేసు కేసు. రువాండాలో టాబా అనే ఊళ్లో ఈ అకయేసు మేయరు లాంటివాడు. అతని మీద మొదట పెట్టిన అభియోగాల్లో అత్యాచారం ఊసే లేదు. 1997లో ఒక తల్లి వేరే విషయం మీద సాక్ష్యం చెబుతూ, తన ఆరేళ్ల కూతురిపై అత్యాచారం జరిగిందని చెప్పింది. ముగ్గురు జడ్జీల్లో ఒకే ఒక్క మహిళ, దక్షిణాఫ్రికా తమిళ కుటుంబంలో పుట్టిన నవీ పిళ్లై (ఈ మాట అనగానే మా తమిళ పిల్లలు నిటారుగా కూర్చుంటారు), ఇలాంటి సాక్ష్యాన్ని వదిలేయకుండా గుచ్చి గుచ్చి అడిగారు. ఆ జూన్‌లో అభియోగాలు మార్చారు, 1998లో శిక్ష పడింది, అత్యాచారం కూడా జాతి నిర్మూలనకు సాధనం కాగలదని అంతర్జాతీయ కోర్టు చెప్పడం అదే మొదలు. మాటల్లో తేడాల సంగతంటారా, భయంకరమైనవి చూసినవాళ్ల జ్ఞాపకం, రువాండా భాష కిన్యార్వాండా నుంచి రెండు భాషలు దాటొచ్చే అనువాదం, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవాలని ఆ తీర్పులోనే రాశారు.

అపోహ: వీడియో ఫార్వర్డ్ చేస్తే మన వంతు అయిపోయినట్టే.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియోలో ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలు మిగలవు. అసలు ఫైలు దాచాలి. స్రెబ్రెనిత్సా హంతకులు స్వయంగా తీసుకున్న వీడియో ఒకటి హేగ్ కోర్టులో వేసి చూపించింది 2005లో, పదేళ్ల తర్వాత.

ఇక శిక్ష ఎవరికి అంటారా? స్రెబ్రెనిత్సాలో జాతి నిర్మూలనను ఆపే బాధ్యతలో పక్క దేశం సెర్బియా విఫలమైందని 2007లో అంతర్జాతీయ న్యాయస్థానం (దేశాల మధ్య కేసులు చూసే కోర్టు) తేల్చింది. పరిహారం మాత్రం రూపాయి కూడా కట్టమనలేదు.