ఏసీ రెక్కల మీద నల్ల చుక్కలు

మైలాపూర్, చెన్నై

చిరంజీవులు చిన్నూ, బుజ్జిలకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ నానమ్మా క్షేమం.

వేసవి సెలవుల్లో ఏసీ గాలి వచ్చే రెక్కల మీద నల్ల చుక్కలు చూసి బుజ్జి "ఇవేంటి తాతయ్యా?" అని అడిగింది. "దుమ్ములేమ్మా" అని గుడ్డతో తుడిచేశాను. మీరు వెళ్ళిన పది రోజులకే అవి మళ్ళీ వచ్చాయి. నేను చెప్పింది తప్పు. అది బూజు.

మూలల్లో వేలాడే సాలెగూళ్ళనీ మనం బూజే అంటాం, చీపురుతో దులిపేస్తాం. ఇది ఆ బూజు కాదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే పైన తెల్లగా కడుతుందే, ఆ జాతిది. జాడీ దగ్గర నానమ్మ మిమ్మల్ని కేకలేసేది అందుకే. దానికి తడి కావాలి, కాస్త తిండి కావాలి. ఏసీలో పేరుకున్న దుమ్మే దాని తిండి.

మరి తడి ఎక్కడిది? చల్లటి నీళ్ళు పోసిన స్టీలు గ్లాసుకి బయట చెమట పడుతుంది కదా. ఏసీ లోపల చల్లబడే గొట్టాల చుట్టకీ, అంటే కాయిల్‌కీ అంతే. గదిలో గాలి దానికి తగిలి, అందులోని తేమ నీళ్ళై కింద ట్రేలో పడి, పైపు గుండా బయటికి పోతుంది. నిజానికి ఏసీ పుట్టిందే తేమని అదుపు చేయడానికి. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్సులో తేమకి కాగితం సాగి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. దానికి విరుగుడుగా విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు ఈ యంత్రం తయారుచేశాడు.

సముద్రం పక్కనున్న మన ఊళ్ళో ఆ తేమకు కొదవ లేదు. పైపు మూసుకుపోతే నీళ్ళు ట్రేలోనే నిలుస్తాయి. కిటికీ ఓరగా తెరిచి ఏసీ వేస్తే బయటి ఉక్క గాలి చల్లటి రెక్కలకు తగిలి అవీ చెమరుస్తాయి. మా ఇంట్లో రెండూ జరిగాయి. మెకానిక్ వచ్చి ఫిల్టరు ఒక్కటే కడిగి వెళ్ళాడు. తర్వాత టార్చి వేసి చూస్తే లోపల తిరిగే బ్లోవరంతా నల్లగా ఉంది. ఇంకొకరిని పిలిచి పూర్తిగా వాటర్ వాష్ చేయించి, పైపు శుభ్రం చేయించాను. అప్పటినుంచి చుక్కలు లేవు.

మీ ఇంట్లో కనిపిస్తే మీరు మాత్రం తుడవకండి. అమ్మకో నాన్నకో చూపించండి. వాళ్ళు మెయిన్ స్విచ్ ఆపి, మాస్కు, గ్లవ్స్ వేసుకుని, సబ్బునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడవాలి. పొడి బ్రష్షుతో రుద్దితే ఆ పొడి గదంతా లేస్తుంది. చిన్నూకి ఆయాసం ఉంది కాబట్టి ఆ సమయంలో వాడు ఆ గదిలో ఉండకూడదు. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలిపితే విషవాయువు వస్తుంది, ఎంత మొండి మరకైనా సరే ఆ పని చేయకూడదు. ఏసీ చుట్టూ గోడ కూడా నల్లబడితే ముందు నీళ్ళు ఎక్కడినుంచి దిగుతున్నాయో వెతకమనండి. అది ఆపకుండా పైన పెయింట్ వేస్తే డబ్బు దండగ.

మీరు చేయగలిగినవీ ఉన్నాయి. ఆపే ముందు ఇరవై నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో పెట్టండి, లోపలి తడి ఆరుతుంది. 18లో కాక 24లో పెట్టుకోండి. తమిళుల ఐప్పసి, కార్తీక మాసాల (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) వానల్లో తడి బట్టలు పడకగదిలో ఆరేయొద్దని అమ్మకి నా మాటగా చెప్పండి. గదిలో తేమ 60 శాతం దాటకుండా ఉంటే మంచిది. ఆ కొలత చూపించే చిన్న మీటరు ఒకటి కొన్నాను, మీకు పంపుతున్నాను. రోజూ పొద్దున్నే అంకె చూసి నోటుబుక్కులో రాయండి.

దసరాకి వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు తీసుకురండి. ఇక్కడి ఫిల్టరు ఆ రోజు మనం ముగ్గురం కలిసి కడిగి, నీడలో ఆరబెడదాం.

మీ
తాతయ్య