బీజాపూర్ రోడ్డు ఆగింది మర్రిచెట్ల దగ్గరేనా?

2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర, తాండూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఆర్టీసీ బస్సును ఎదురుగా వచ్చిన కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. నాటి నుంచి హైదరాబాద్–బీజాపూర్ రహదారి మీద చర్చ అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతోంది: ఎన్నడో నాలుగు వరుసలు కావలసిన దారి ఇంకా రెండు వరుసలుగానే ఎందుకు ఉంది? చాలామంది నోట సిద్ధంగా ఉన్న జవాబు దారికి ఇరువైపులా ఉన్న మర్రిచెట్లు. అంతకు 11 నెలల ముందు, 2024 డిసెంబరు 2న, ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవారి మీదికి లారీ దూసుకుపోయినప్పుడూ ఇదే మాట వినిపించింది. జవాబు అంత సులువైనదైతే ఈ కథ చెప్పవలసిన పని ఉండేది కాదు.

దారి ఎటు పోతుందో ఈ ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. అప్పా జంక్షన్‌లో మొదలై (ఉమ్మడి రాష్ట్రపు పోలీసు అకాడమీ పేరులోని పొడి అక్షరాలే, రాష్ట్రం విడిపోయినా, ఆ కూడలికి పేరుగా మిగిలాయి) మొయినాబాద్, చేవెళ్ల దాటి మన్నెగూడ చేరుతుంది. అక్కడ ఒక పాయ వికారాబాద్, తాండూరుల వైపు చీలిపోగా, మరొకటి పరిగి, కొడంగల్ మీదుగా కర్ణాటకలోకి సాగుతుంది. వివాదమంతా అప్పా నుంచి మన్నెగూడ వరకు ఉన్న 46 కిలోమీటర్లదే. నిజాం కాలం నాటివని చెప్పుకునే 900కు పైగా మర్రిచెట్లు ఈ భాగంలోనే ఉన్నాయి. ఇది పాలకుల కంటికి ఆనని మారుమూల దారి కూడా కాదు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్ర మొదలుపెట్టింది చేవెళ్లలోనే. నేటి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంత నియోజకవర్గమైన కొడంగల్‌కు వెళ్లవలసిందీ ఇటే.

ఆ చెట్లను కొట్టవద్దంటూ పడిన కేసు కంటే ముందే ఈ కథ మలుపు తిరిగింది. రాష్ట్ర రహదారిగా, రోడ్లు భవనాల శాఖ చేతిలో ఉన్నంతకాలం ఈ దారి ఎంత వెడల్పుగా ఉండాలో నిర్ణయించింది ఒక విధంగా మర్రి వరుసలే. రెండు వరుసల మధ్య ఎంత చోటుంటే అంత తారు. తెలంగాణ ఏర్పడిన తర్వాత ఇది జాతీయ రహదారిగా మారి, ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం నుంచి వరంగల్ మీదుగా హైదరాబాద్ వచ్చే 163వ నంబరు రహదారికి కొనసాగింపు అయింది. ఆ ఒక్క మార్పుతో దారి యజమాని మారాడు, ఖర్చు పెట్టేవారు మారారు, అన్నిటికన్నా ముఖ్యంగా కొలతలు మారాయి. నాలుగు వరుసల జాతీయ రహదారికి ఊళ్ల బయట 60 మీటర్ల వెడల్పున స్థలం ఉండాలన్నది ప్రామాణికం. ఇప్పుడున్న రెండు వరుసల తారు దాదాపు 7 మీటర్లు. ఆ ప్రామాణికాన్ని ఈ దారి మీద పరిచి చూస్తే మర్రిచెట్లన్నీ గీతల లోపలే పడతాయి.

విస్తరణ అవసరమన్న విషయంలో ఎవరికీ పేచీ ఉండకూడదు. మైదాన ప్రాంతంలో రెండు వరుసల దారి రోజుకు సుమారు 15,000 కార్ల ప్రమాణానికి సమానమైన రాకపోకలను తట్టుకుంటుందని, రహదారుల ప్రమాణాలు రూపొందించే భారత రోడ్ల కాంగ్రెస్ లెక్క. ఆ లెక్కలో ఒక లారీ అంటే ఒక కారు కాదు, దాదాపు మూడు కార్లు. తాండూరు బండలు, సిమెంటు, క్వారీల కంకర, చేవెళ్ల కూరగాయలు, వీటికి తోడు బాహ్య వలయ రహదారి వచ్చాక పెరిగిన నగరపు కార్లు అన్నీ ఈ తారు మీదికే వచ్చాయి. పేచీ వచ్చింది ఎటువైపు వెడల్పు చేయాలన్న దగ్గర. మధ్యగీత నుంచి రెండు పక్కలకూ సమానంగా పెంచితే రెండు వరుసల చెట్లూ పోతాయి. పాత తారును ఒక దిక్కు రాకపోకలకు వదిలి, చెట్ల వరుసకు అవతల కొత్తగా మరో రెండు వరుసలు వేస్తే, ఆ చెట్లే రెండు దారుల మధ్య విభాజకంగా నిలుస్తాయి. చెట్లను కాపాడాలన్నవారు మొదటి నుంచీ అడిగింది ఈ రెండో పద్ధతి. రోడ్డు వద్దని వారు అనలేదు. ఈ తేడా ఇప్పటి వాదోపవాదాల్లో దాదాపుగా కనిపించకుండా పోయింది.

రెండో పద్ధతికి అడ్డు వచ్చేది భూమి. చెట్లకు అవతల దారి వేయాలంటే ఒకే పక్క ఎక్కువ భూమి తీసుకోవాలి. ఈ దారి తొలి భాగం హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలోది. 1996 మార్చి 8న వచ్చిన 111 నంబరు జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకు పగ్గాలు వేసింది. 2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవో ఆ పగ్గాలు సడలించింది. మరుసటి ఏడాది మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా ఎత్తివేస్తామని ప్రకటించింది. దారి కోసం భూమి సేకరించవలసిన కాలమూ, ఆ భూమి మీద ఆశలు పెరిగిన కాలమూ ఒకటే అయ్యాయి. జాతీయ రహదారుల చట్టం కింద డబ్బు కేంద్రానిదే అయినా, నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విని, పరిహారం తేల్చవలసింది రాష్ట్ర రెవెన్యూ అధికారులే. ఆలస్యంలో ఈ పనికి ఎంత వాటా ఉందో మర్రిచెట్లను నిందించేవారు అడగడం లేదు.

పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చెన్నైలో ఉన్న దక్షిణ మండలి బెంచ్ ముందుకు వ్యవహారం వెళ్లినప్పుడు ఒక అంకె ముఖ్యమైంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌కు 2013లో వచ్చిన సవరణ ప్రకారం, జాతీయ రహదారి విస్తరణకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి కావాలంటే దాని పొడవు 100 కిలోమీటర్లు దాటాలి. ఇక్కడ ఉన్నది 46. నిబంధన అక్షరం ప్రకారం చూస్తే అధ్యయనం లేకుండానే పని మొదలుపెట్టవచ్చు. ట్రైబ్యునల్ అంతటితో సరిపెట్టుకోకుండా చెట్లను ముట్టవద్దంది, ప్రభావాన్ని అధ్యయనం చేయమంది. ఆ ఒత్తిడి ఫలితంగానే జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) నమూనాను సవరించి, చెట్లలో ఎక్కువ భాగాన్ని ఉన్నచోటే ఉంచి, తప్పని వాటిని వేళ్లతో సహా తరలిస్తామనే దగ్గరికి వచ్చింది. 2025లో, మీర్జాగూడ ప్రమాదానికి కొద్ది రోజుల ముందు, పనులకు అడ్డు తొలగింది. అంటే ఇప్పుడు ఆమోదం పొందిన దారి, చెట్ల వైపు నిలిచినవారు తొలినాళ్లలో అడిగినదానికి దగ్గరగా ఉన్నదే. అదే గీత మొదటి నమూనాలోనే గీసి ఉంటే కేసు వేయవలసిన అవసరం ఎంతవరకు ఉండేదన్నది అడగదగిన ప్రశ్న.

చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లవారి మాట వేరు, దానికీ బరువుంది. రోజూ ఆ దారిన బస్సెక్కేవారికి, నీడనిచ్చే మర్రి అంటే రాత్రి హెడ్‌లైటు వెలుగులో హఠాత్తుగా ఎదురయ్యే మోడు కూడా. బండి తారు దిగితే తప్పించుకోవడానికి చోటుండదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారి ముందు నిలబడి నమూనా సవరణల చరిత్ర చెప్పడం ఎవరివల్లా కాదు. అయితే మీర్జాగూడలో ఢీకొన్నవి ఎదురెదురు వాహనాలు. అక్కడ లేనిది మధ్య విభాజకం.

కొత్త దారి ఈ రోజు మొదలైనా రేపటికి సిద్ధం కాదు. మొయినాబాద్, చేవెళ్లల దగ్గర బైపాస్‌లు వేయాలి, వంతెనలు కట్టాలి, తరలించే చెట్లకు ముందే కొమ్మలు నరికి వేరు చుట్టూ తవ్వి ఉంచాలి. అంతవరకు బస్సులతో పాటు ఆ పనుల కంకర మోసే టిప్పర్లు కూడా తిరగవలసింది ఇదే 7 మీటర్ల తారు మీద. దాని గుంతలు పూడ్చడం, కుంగిన అంచులు సరిచేయడం, టిప్పర్లలో బరువు తూచడం, రద్దీ వేళల్లో వాటిని ఆపడం, వీటిలో దేనికీ ట్రైబ్యునల్ ఉత్తర్వులు ఏనాడూ అడ్డు కాలేదు.