విప్పకముందే చెప్పిన ధర: పాతకాలపు కార్ల ఇంజన్ పనిలో అపోహలు - వాస్తవాలు

పాతకాలపు కార్ల ఇంజన్లను విప్పి, కొలిచి, తిరిగి కట్టడం నా వృత్తి. నన్ను అందరూ మొదట అడిగే ప్రశ్న "మొత్తం ఎంతవుతుందో ఒక్క మాటలో చెప్పండి" అన్నదే. విప్పి చూడనిదే చెప్పలేనని నేను అనగానే, మరొకరు ఫోనులోనే ఖాయంగా చెప్పారన్న సమాధానం వస్తుంది. అలా వెళ్లినవారిలో కొందరు ఏడాదికో రెండేళ్లకో అదే ఇంజన్‌తో తిరిగి వస్తారు. అప్పటికి వారి డబ్బు ఒకసారి ఖర్చయిపోయి ఉంటుంది, ఇంజన్ మాత్రం మునుపటికంటే అధ్వానంగా ఉంటుంది. తండ్రి నడిపిన కారును మళ్లీ రోడ్డు మీదికి తేవాలనుకున్న మనిషి ఆ స్థితిలో నా ముందు నిలబడితే చూడడం కష్టంగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ధర, గడువు ముందే ఖాయంగా చెప్పేవారే నమ్మదగిన నిపుణులు.

వాస్తవం: ఇంజన్ లోపల ఏముందో కొలతలు తప్ప మరేవీ చెప్పలేవు. పిస్టన్ పైకీ కిందికీ కదిలే సిలిండరు అంతటా ఒకేలా అరగదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులలో పై రింగు ప్రయాణం ముగిసే చోటికి కాస్త దిగువన ఎక్కువగా, కింది భాగంలో తక్కువగా అరుగుతుంది. గుండ్రంగా ఉండవలసిన రంధ్రం కోలగా కూడా మారుతుంది. అందువల్ల ప్రతి సిలిండరును మూడు ఎత్తులలో, ఒక్కో ఎత్తులో ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిశలలో, రంధ్రపు వ్యాసం చూపే బోర్ గేజితో కొలవాలి. ఆరు సిలిండర్ల ఇంజన్‌కు ఇవే 36 కొలతలు అవుతాయి. ఆ తరువాత క్రాంక్‌షాఫ్ట్ జర్నల్స్‌ను, అంటే బేరింగులలో తిరిగే దాని నున్నటి భాగాలను, మైక్రోమీటరుతో కొలవాలి, సిలిండర్లుండే బ్లాకుకూ దాని పైన బిగించే హెడ్డుకూ పగుళ్ల పరీక్ష చేయాలి. ఇవన్నీ పూర్తయితే గాని అంగుళంలో 20 వెయ్యోవంతుల ఓవర్‌సైజు పిస్టన్లు సరిపోతాయా, 40 వరకు వెళ్లాలా, లేక సిలిండరు లోపల కొత్త గొట్టాలు బిగించాలా (స్లీవులు వేయాలా) అన్నది తెలియదు. క్రాంక్‌ను పాలిష్ చేస్తే చాలునా, జర్నల్స్‌ను సానపట్టి చిన్న సైజుకు తెచ్చే గ్రైండింగ్ చేయించాలా అన్నదీ అప్పుడే తేలుతుంది.

ఇవేవీ చూడకుండా ఖాయమైన ధర చెప్పినవారి ముందు రెండే దారులుంటాయి. అన్నిటికంటే చెడ్డ పరిస్థితిని ఊహించి ఆ మొత్తాన్ని మీ మీద వేయడం ఒకటి. తరువాత బయటపడిన లోపాలను చూడనట్టు మూసివేయడం రెండవది. ధర ఒకసారి ఖాయమయ్యాక లోపల కనిపించిన ప్రతి లోపమూ కట్టేవారికి నష్టమే కనుక, రెండవ దారి వైపు మనసు లాగుతుంది. మూసిన ఇంజన్‌లో ఏం చేశారో, ఏం చేయలేదో యజమానికి కనిపించే అవకాశం లేదు.

ఒకాయన జాగ్వార్ ఎక్స్‌కె ఇంజన్‌ను నా దగ్గరకు తెచ్చారు. పూర్తి పునర్నిర్మాణం చేసినట్టు బిల్లులో రాసి ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెషర్ బాగానే ఉండేది గాని, వేడెక్కాక ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) దాదాపు సున్నాకు పడిపోయేది. విప్పి చూస్తే, జర్నల్స్ చుట్టూ ఉండే పలుచటి బేరింగ్ షెల్స్ కొత్తవే, కాని వాటి వెనుక స్టాండర్డ్ సైజు ముద్ర ఉంది, అంటే అవి గ్రైండింగ్ చేయని క్రాంక్‌కు సరిపోయేవి. క్రాంక్ జర్నల్స్ మాత్రం కోలగా అరిగి, గ్రైండింగ్ ముఖం చూడకుండా అలాగే ఉన్నాయి. సిలిండర్ల పైభాగాన అరుగుదల వల్ల ఏర్పడిన గట్టు కూడా తీయకుండా కొత్త రింగులు వేయడంతో, ఒక పై రింగు ఆ గట్టుకు తగిలి విరిగింది. క్రాంక్ లోపలి ఆయిల్ దారుల ప్లగ్గులు ఒక్కటి కూడా విప్పలేదు. దశాబ్దాల మడ్డి వాటి వెనుక గట్టిపడి ఉంది. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "నేను సరిగ్గా అడగలేకపోయానా?" అన్నారు. తప్పు ఆయనది కాదు. ఏం అడగాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. వృత్తిలోకి వచ్చిన తొలి రోజులలో ఒక యజమాని ఆందోళన చూడలేక, ఇంజన్ విప్పకుండానే ధర ఖాయం చేశాను. తరువాత సిలిండరుకూ దాని చుట్టూ చల్లబరిచే నీరు తిరిగే జాకెట్టుకూ మధ్య పగులు బయటపడింది. ఆ మరమ్మతు ఖర్చు నేనే భరించాను గాని, ఆ పని పూర్తి చేయడానికి డబ్బు సమకూర్చుకునే లోపు ఆయన కారు నెలల తరబడి నా షెడ్డులోనే ఉండిపోయింది. జాలిపడి ఇచ్చిన మాట ఆయనకు మేలు చేయలేదు.

అప్పటినుంచి పనిని రెండు దశలుగా విడదీశాను. మీరు వెళ్లే నిపుణుడినీ ఇలాగే అడగండి. మొదటి దశ విప్పడం, కడగడం, కొలవడం. దీని ధరను ముందే ఖాయం చేయవచ్చు, చేయాలి కూడా. అది ముగిశాక ప్రతి కొలత పక్కన తయారీదారు పేర్కొన్న పరిమితితో ఒక కాగితం మీ చేతికి రావాలి. రెండవ దశ అంచనా ఆ కాగితం మీద ఆధారపడి ఉండాలి. అది నచ్చకపోతే విప్పిన భాగాలు తీసుకొని వెళ్లే స్వేచ్ఛ మీకుండాలి. ఈ పద్ధతికి విసుక్కునేవారి దగ్గర ఇంజన్ దించకండి.

పిస్టన్లు చేతికి రాకముందే సిలిండరును పెద్దది చేసే బోరింగ్ చేస్తారా అని కూడా అడిగి చూడండి. ఒకే సైజు ముద్ర ఉన్న పిస్టన్ల మధ్య కూడా స్వల్ప తేడాలుంటాయి కనుక, పని తెలిసినవారు ప్రతి పిస్టన్‌ను కొలిచి, దానికి తగిన ఖాళీ ఉంచి ఆ సిలిండరును, రాళ్లతో రుద్ది చివరి కొలతకు తెచ్చే హోనింగ్‌తో ముగిస్తారు. పాత భాగాలన్నీ తిరిగి ఇమ్మని పని మొదలుకాకముందే చెప్పండి. వాటితో పాటు, బిగించక ముందు కొత్త షెల్స్ వెనుక, పిస్టన్ల తల మీద ఉన్న సైజు ముద్రలకు ఫోటోలు తీయమనండి. బిల్లులో రాసిన గ్రైండింగ్ నిజంగా జరిగిందో లేదో ఆ అంకెలే చెబుతాయి.

అపోహ: ఇంజన్ పని వచ్చినవారు ఏ పాత ఇంజన్‌నైనా కట్టగలరు.

వాస్తవం: ఫోర్డ్ మోడల్ ఎ బేరింగులలో తెల్లలోహమనే మెత్తటి మిశ్రమలోహాన్ని కరిగించి పోసి, తరువాత సైజుకు బోర్ చేయాలి, షెల్స్ మార్చడం మాత్రమే తెలిసినవారికి అది పూర్తిగా వేరే విద్య. ట్రయంఫ్ టీఆర్-4 లో తడి లైనర్లుంటాయి (చుట్టూ నీరు తగిలేలా విడిగా అమర్చిన సిలిండరు గొట్టాలు), అవి బ్లాకు పైకి ఎంత పొడుచుకు వచ్చాయన్న దానిపైనే హెడ్ గాస్కెట్ ఆయుష్షు ఉంటుంది. వోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఉండే కేసు రెండు సగాలుగా విడిపోతుంది, దాన్ని మోసే మెయిన్ బేరింగుల వరుస వంకర తిరిగిందేమో చూడాలి. మీ ఇంజన్‌నే ఇంతకుముందు కట్టారా, వారు కట్టినవాటిలో కొన్నేళ్లుగా రోడ్డు మీద తిరుగుతున్నవి ఉన్నాయా అని అడగండి. ప్రదర్శనలలో బహుమతులు తెచ్చిన రంగు, పాలిష్ ఈ ప్రశ్నకు జవాబు కావు.

అపోహ: బోరింగ్, గ్రైండింగ్ బయట చేయించేవారు అసలైన నిపుణులు కారు.

వాస్తవం: ఆ యంత్రాలు సొంతంగా లేని మంచి నిపుణులు చాలామంది ఉన్నారు. బయటినుంచి వచ్చిన భాగాన్ని వారు మళ్లీ తామే కొలుస్తారా లేదా అన్నది తెలుసుకుంటే చాలు.

అపోహ: పొగ వస్తే ఇంజన్ దించవలసిందే.

వాస్తవం: రాత్రంతా ఆగిన కారు స్టార్ట్ చేయగానే నీలిపొగ వచ్చి తగ్గిపోతే, చాలాసార్లు కారణం వాల్వ్ గైడ్లు లేదా సీల్స్. ముందు కంప్రెషన్ పరీక్ష, సిలిండరు నుంచి గాలి ఎంత కారిపోతోందో చూపే లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. అవి చేయకుండా దించుదామనేవారికి మీ ఇంజన్ గురించి ఏమీ తెలియదు.

అపోహ: సీసం లేని పెట్రోలు పాత ఇంజన్లన్నిటినీ పాడు చేస్తుంది.

వాస్తవం: గట్టిపరచిన వాల్వ్ సీట్లు (వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచులు) లేని పోతఇనుప హెడ్లలో, ఎక్కువ వేగంతో చాలాసేపు నడిపినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు అరిగిపోయే ప్రమాదం ఉన్న మాట నిజం. అల్యూమినియం హెడ్లలో సీట్లు మొదటినుంచీ విడిగా అమర్చినవే. వదంతి విని, బాగా నడుస్తున్న హెడ్డును విప్పించకండి. మరేదైనా పని మీద అది విప్పినప్పుడు గట్టి సీట్లు వేయిస్తే సరిపోతుంది.

అపోహ: కొత్తగా కట్టిన ఇంజన్‌ను మొదట ఐడ్లింగ్‌లో నెమ్మదిగా నడపాలి.

వాస్తవం: కామ్ మీద రాసుకుంటూ కదిలే ఫ్లాట్ ట్యాపెట్లున్న పుష్‌రాడ్ ఇంజన్లలో, వాల్వ్‌లను తెరిచే కొత్త కామ్‌షాఫ్ట్‌కు ఇదే ప్రాణాంతకం. దాని మీది ఉబ్బెత్తు భాగాలైన కామ్ లోబ్స్‌కు నూనె ప్రధానంగా క్రాంక్ తిరుగుడుతో ఎగజిమ్మేదే అందుతుంది, ఐడ్లింగ్‌లో అది చాలదు. అందుకే స్టార్ట్ అయిన వెంటనే సుమారు 2,000 ఆర్‌పీఎమ్‌కు తీసుకువెళ్లి, 20 నిమిషాల పాటు ఆ చుట్టుపక్కల వేగంలోనే ఉంచాలి. ఆ సమయంలో నూనెలో జింకు తగినంత ఉండాలి. ఈ మొదటి స్టార్టును తన కళ్ల ముందే, ఆయిల్ ప్రెషర్ గేజి పెట్టి చేసి, ఆ నూనెను దింపి, ఫిల్టరును కోసి లోపల లోహపు రజను ఉందేమో మీకు చూపించే నిపుణుడిని వెతకండి. ఆ పనిని మీ ఇంటికి వదిలేసే వారి ధర ఎంత తక్కువైనా నేను మాత్రం నా ఇంజన్ వారికి ఇవ్వను.