"డైనమిక్ లింకే కదా అన్నా!": జీపీఎల్, డ్రైవర్ లైబ్రరీల మీద అపోహలు - వాస్తవాలు

కెమెరా కంపెనీ సోర్స్ లేకుండా ఇచ్చిన డాట్ ఎస్‌ఓ ఫైల్‌ని (లినక్స్‌లో లైబ్రరీ ఫైల్) జీపీఎల్ ప్రోగ్రాంకి తగిలించి కస్టమర్‌కి ఇచ్చేయొచ్చా? ఈ నెలలో నన్ను ఇది అడగడం మూడోసారి. జీపీఎల్ అంటే, ప్రోగ్రాంని ఇంకొకరికి ఇస్తే దాని సోర్స్ కోడ్ కూడా అదే షరతులతో ఇవ్వాలనే లైసెన్స్. వెండర్ లైబ్రరీ సోర్స్ మన చేతిలో ఉండదు, చిక్కంతా అక్కడే.

అపోహ: డైనమిక్ లింకింగ్ (లైబ్రరీని ముందే కలిపేయకుండా, ప్రోగ్రాం నడిచేటప్పుడు జోడించడం) అయితే జీపీఎల్ అంటదు.

వాస్తవం: ఆ వెసులుబాటు ఎల్‌జీపీఎల్‌ది, అంటే లైబ్రరీల కోసం కాస్త సడలించిన లెస్సర్ జీపీఎల్‌ది. ఒక్క అక్షరం తేడా కదా, అందరూ కలిపేస్తారు. జీపీఎల్ దగ్గరికొస్తే, ఎలా లింక్ చేసినా రెండూ కలిసి ఒకే ప్రోగ్రాం అంటుంది ఆ లైసెన్స్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్. కోర్టులో వాదించుకోవచ్చు, కానీ ఆ పందెం మీ ప్రొడక్ట్ మీద కాయకండి. సిస్టమ్ లైబ్రరీ మినహాయింపు ఉంది కదా అంటారు, ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్‌తో మామూలుగా వచ్చేవాటికి! మీరు తెచ్చి ఇన్‌స్టాలర్‌లో పెట్టిన కెమెరా ఎస్‌డీకేకి (కంపెనీ ఇచ్చే లైబ్రరీల మూటకి) కాదు.

నేనూ ఇందులో పడ్డవాణ్ణే. పాత కంపెనీలో మా జీపీఎల్ ప్రోగ్రాంకి ఒక స్కానర్ లైబ్రరీ కలిపేశాం, డెలివరీ దగ్గర పడ్డాక ఎవరో లైసెన్స్ ఫైల్ తెరిచారు. కోడంతా మాదే అయితే మినహాయింపు ఇస్తున్నామని ఒక పేరా రాసుకుంటే సరిపోయేది. కానీ సగం కోడ్ బయటివాళ్లది, వాళ్లందరూ ఒప్పుకోవాలి, ఒకాయనకి ఎన్ని మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. పైగా వెండర్ ఈయూఎల్ఏ (వాడకం ఒప్పందం) చూస్తే లైబ్రరీని ఇంకొకరికి పంచడానికే వీల్లేదట! ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది కాబట్టి మేం చదవనేలేదు. చివరికి స్కానర్ భాగాన్ని విడి ప్రోగ్రాం చేసి, సాకెట్ (రెండు ప్రోగ్రాంల మధ్య డేటా పంపే దారి) మీద బొమ్మలు మాత్రమే పంపేలా మార్చి, లైబ్రరీని కస్టమరే వెండర్ సైట్ నుంచి దించుకునేలా పెట్టాం. మూడు వారాలు పోయాయి. లోపలి డేటా స్ట్రక్చర్లన్నీ అటూ ఇటూ పంచుకుంటే మాత్రం అది పేరుకే విడి ప్రోగ్రాం.

ఆఫీసు లోపల వాడుకోవడానికి కలుపుకుంటే జీపీఎల్ అడ్డు చెప్పదు, బయటికి ఇచ్చినప్పుడే పేచీ. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా డ్రైవర్లంతా ఓపెన్ అయిపోయాయనేది సగం నిజం: 2022లో కెర్నల్ మాడ్యూళ్ల (ఆపరేటింగ్ సిస్టమ్ లోపల నడిచే డ్రైవర్ భాగాల) సోర్స్ తెరిచారు, CUDA లాంటి పై లైబ్రరీలు మూసే ఉన్నాయి.

మొన్న రాత్రి పదకొండింటికి, ఇలాగే లైబ్రరీ కలిపి కస్టమర్‌కి పంపేసిన ఒక తమ్ముడి ఫోన్: "కంపెనీ కోడంతా బయటపెట్టాల్సిందేనా అన్నా?" లేదురా. పంపడం ఆపు, ఆ లైబ్రరీ తీసెయ్, లాయర్‌తో మాట్లాడు. జీపీఎల్ మూడో వెర్షన్ (వీ3)లో అయితే, మొదటిసారి నోటీసు అందిన 30 రోజుల్లోపు సరిచేసుకుంటే హక్కులు తిరిగొస్తాయి. వీడిది వీ3యే. నోటీసు ఇంకా రానేలేదు, టెన్షన్ మాత్రం ముందే వచ్చేసింది.